వాలు స్థలంలో ఇల్లు కడితే అదనపు ఖర్చు ఎక్కడెక్కడ వస్తుంది, అందులో ఏది తప్పదు?

ప్రశ్న
అడిగినవారు: స్థల యజమాని, మధురవాడ

అందరికీ నమస్కారం. మధురవాడ దాటిన తరువాత, ఒక కొండ పడమటి పాదాన వేసిన లేఅవుట్‌లో మేము మూడేళ్ళ క్రితం 200 గజాల స్థలం కొన్నాము. వెడల్పు 30 అడుగులు, పొడవు 60 అడుగులు. తూర్పు వైపు రోడ్డు ఉంది. రోడ్డు అంచు దగ్గర మొదలైన వాలు వెనుక హద్దు దాకా పడమటికి దిగుతూనే ఉంటుంది. అమ్మినవారు చెప్పిన ప్రకారం వెనుక హద్దు రోడ్డు కంటే 9 అడుగులు పల్లంలో ఉంది. పై వరుసలోని చదునైన స్థలాల కంటే గజానికి తక్కువ ధర చెప్పడంతో మా శక్తికి సరిపోయింది, తీసుకున్నాము.

ఇప్పుడు మా అమ్మా నాన్నలతో కలిసి ఉండేలా ఒక అంతస్తు ఇల్లు కట్టుకుందామని ముగ్గురు కాంట్రాక్టర్లను పిలిచి చూపించాము. ముగ్గురూ మూడు దారులు చెప్పారు. మొదటివారు చదరపు అడుగుకు ఇంత అని ధర చెప్పి, బేస్‌మెంట్ మూడు అడుగుల ఎత్తు వరకే ఆ ధరలో వస్తుందని, ఆపైన పునాదికి, మట్టికి, గోడకు ఎంతైతే అంత విడిగా ఇవ్వాలని అన్నారు. ఆ విడి ఎంతో అడిగితే పని మొదలయ్యాక తెలుస్తుందన్నారు. రెండవవారు మూడు వైపులా రాతి గోడ కట్టి, స్థలమంతా రోడ్డు మట్టానికి మట్టితో నింపి, దానిపైన మామూలు ఇల్లు కడదామన్నారు. మూడవవారు మట్టి నింపడం దండగ అని, పిల్లర్లు కిందినుంచే లేపి ఆ ఖాళీని అలాగే వదిలేద్దామని చెప్పారు. నేల మట్టానికి పైన కట్టే ఇంటి ధరలో ముగ్గురికీ పెద్ద తేడా లేదు. తేడా అంతా నేల కిందే ఉంది.

నేను అడగదలచినది ఇది. వాలు నేలలో న్యాయంగా అయ్యే అదనపు ఖర్చులు ఏవి? వాటిలో ఆలోచనతో తగ్గించుకోగలిగినవి ఏవి, ఎంత కష్టమైనా తగ్గించకూడనివి ఏవి? మాది ఉద్యోగం మీద ఆధారపడిన కుటుంబం, బ్యాంకు అప్పుతో కట్టుకుంటున్నాము కనుక మధ్యలో ఆగిపోయే పరిస్థితి రాకూడదన్నది నా భయం. కట్టినవారు, కట్టించినవారు తమ అనుభవం చెప్పగలరని ప్రార్థన.


సమాధానం 1
రాసినవారు: విశ్రాంత సివిల్ ఇంజినీరు, విశాఖపట్నం

మీరు ముందుగానే అడగడం మంచిదయింది, ఎందుకంటే వాలు స్థలంలో డబ్బు ఎక్కువగా పోయేది ప్లాను గీసిన తరువాత నేలను దానికి సరిపెట్టబోయినప్పుడు. మీరు ఇచ్చిన కొలతలతోనే లెక్క వేసి చూపిస్తాను. ధరలు ఊరూరికీ, నెలనెలకూ మారతాయి కనుక పరిమాణాలు మాత్రమే చెబుతాను, మీ దగ్గరి ధర మీరు వేసుకోండి.

రెండవ కాంట్రాక్టరు చెప్పినట్టు స్థలమంతా రోడ్డు మట్టానికి నింపాలంటే, ముందు సున్నా, వెనుక 9 అడుగులు, అంటే సగటున నాలుగున్నర అడుగుల మట్టి 1,800 చదరపు అడుగుల మేర పడాలి. అది 8,100 ఘనపుటడుగులు. అణిచిన తరువాత అంత మిగలాలంటే తెచ్చే వదులు మట్టి మరో నాలుగో వంతు దాకా ఎక్కువ కావాలి, కాబట్టి 10,000 ఘనపుటడుగులు, మన వాడుకలో 100 యూనిట్ల గ్రావెల్ అనుకోండి. ఆ మట్టి బరువు 400 టన్నులు దాటుతుంది. టిప్పరు వచ్చి పోసి వెళ్ళిపోతే సరిపోదు. ఆరు నుంచి తొమ్మిది అంగుళాల పొరలుగా పరచి, ప్రతి పొరనూ తడిపి దిమ్మిస కొట్టాలి లేదా యంత్రంతో అణచాలి. ఈ పనికి కాంట్రాక్టరు ధర చెప్పలేదంటే ఆ పని చేయడనే అర్థం చేసుకోవాలి. అణచని మట్టి మీద వేసిన గచ్చు రెండు వానాకాలాలు గడిచేసరికి గోడ వారన కుంగి, టైల్సు గుల్లగా మోగడం మొదలవుతుంది.

ఇక గోడ సంగతి. మట్టిని ఆపే గోడకు, మామూలు ప్రహరీకి పోలిక లేదు. మట్టి తోపుడు ఎత్తుకు వర్గంగా పెరుగుతుంది. నాలుగున్నర అడుగుల మట్టిని ఆపే గోడ మీద అడుగు పొడవుకు సుమారు 175 కిలోల తోపుడు ఉంటే, తొమ్మిది అడుగుల గోడ మీద అది 700 కిలోలవుతుంది. గోడను పడదోసే బలం ఇంకా వేగంగా, ఎనిమిది రెట్లకు పెరుగుతుంది. అందువల్లనే తొమ్మిది అడుగుల రాతి గోడకు అడుగున దాదాపు ఐదు అడుగుల మందం కావాలి. మీ వెనుక ఖాళీ స్థలంలో అధిక భాగం ఆ గోడ పాదానికే పోతుంది. పైగా వెనుక గోడ ఒక్కటే కాదు, తొమ్మిది అడుగుల నుంచి సున్నాకు తగ్గుతూ వచ్చే పక్క గోడలు రెండు, ఒక్కొక్కటి 60 అడుగులు. చాలామంది వెనుక గోడకు లెక్క వేసుకుని ఈ రెండింటినీ మరిచిపోతారు.

ఈ లెక్కలన్నీ వెనుక మట్టి పొడిగా ఉన్నప్పటివి. వాన నీరు గోడ వెనుక పైదాకా నిలిచిందంటే అదే 700 కిలోలు 1,500 కిలోలవుతాయి. గోడలు కూలేది ఎక్కువగా ఇలాగే. నీరు బయటకు పోవడానికి గోడలో ఐదారు అడుగులకు ఒకటి చొప్పున మూడు, నాలుగు అంగుళాల పైపులు వాలుగా పెట్టాలి, మేస్త్రీలు వీటిని వీప్ హోల్స్ అంటారు. వాటి వెనుక అడుగు మందాన కంకర నింపాలి. మట్టి కొట్టుకొచ్చి కంకర మూసుకుపోకుండా మధ్యన జియోటెక్స్‌టైల్ గుడ్డ పరవాలి. మొత్తం గోడ ఖర్చులో ఇది చాలా చిన్న భాగం, అయినా ఖర్చు తగ్గించే పేరుతో మొదట కొట్టివేసేది దీనినే. మీరు ‘తగ్గించకూడనిది ఏది’ అని అడిగారు కనుక, నా జాబితాలో మొదటి పేరు ఇదే.

మీ ప్రాంతపు నేల గురించి ఒక మాట. విశాఖ కొండలు ఎక్కువగా ఖోండలైట్ రాయివి. పైన అది క్షీణించి ఎర్రగా, గట్టిగా కనిపిస్తుంది. ఎండాకాలంలో జేసీబీతో కోస్తే గోడలా నిటారుగా నిలబడుతుంది, దానిని చూసి ఇది రాయేనని, గోడ అక్కర లేదని చెప్పేవారుంటారు. కోసిన చోట ఒక పెళ్ళ తీసి దగ్గరగా చూడండి. ఎర్రని చిన్న గార్నెట్ గింజలు, వాటి మధ్య తెల్లని మెత్తటి చారలు కనిపిస్తాయి. ఆ తెలుపు ఒకప్పటి ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం, ఇప్పుడు బంకమట్టిగా మారింది. పెళ్ళను బకెట్ నీళ్ళలో రాత్రంతా ఉంచండి. ఉదయానికి అది విడిపోయి అడుగున బురదగా చేరితే, మీ నేల వానలో ఏం చేస్తుందో మీకే తెలుస్తుంది. రాతి పొరలు కోత వైపు వాలి ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. అందుచేత స్థలంలో పైన ఒకటి, మధ్యన ఒకటి, కింద ఒకటి గుంటలు తీయించి మట్టి పరీక్ష చేయించండి. ఇంటి ఖర్చులో అది లెక్కలోకి వచ్చే మొత్తం కాదు.

పునాదుల విషయంలో మరొక అదనపు ఖర్చు ఉంది. నింపిన మట్టి మీద ఫుటింగ్, అంటే పిల్లరు అడుగున వేసే వెడల్పాటి కాంక్రీటు పాదం, వేయకూడదు, సొంత నేలలోకి దిగాలి. అంటే వెనుక వరుస పిల్లర్లు తొమ్మిది అడుగుల నింపుడు మట్టిని దాటి మరో నాలుగైదు అడుగులు దిగుతాయి. ఇంట్లో కనిపించని పద్నాలుగు అడుగుల పిల్లరు, మధ్యలో దానిని కట్టిపడేసే బీము, వాటి ఇనుము, సెంట్రింగ్, అన్నీ అదనమే. మెట్లు మెట్లుగా దిగే ఫుటింగుల మధ్య ఎడం కూడా ఊహతో పెట్టేది కాదు. మట్టి నేలలో పక్కపక్క ఫుటింగుల అడుగు అంచులను కలిపే గీత రెండు అడుగుల అడ్డానికి ఒక అడుగు దిగుడు కంటే నిటారుగా ఉండకూడదని, వాలు అంచుకు ఫుటింగు కనీసం 90 సెంటీమీటర్లు, రాయి అయితే 60 సెంటీమీటర్లు లోపలికి ఉండాలని పునాదులకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 1904 చెబుతుంది.

తగ్గించుకునే దారి ఇల్లును రెండు మట్టాలుగా విడగొట్టడం. ముందు సగం రోడ్డు మట్టాన, వెనుక సగం నాలుగున్నర అడుగుల కింద, మధ్యలో ఎనిమిది తొమ్మిది మెట్లు. అప్పుడు నింపే మట్టి 8,100 నుంచి 4,050 ఘనపుటడుగులకు, సరిగ్గా సగానికి దిగుతుంది. తొమ్మిది అడుగుల గోడకు బదులు మధ్యన ఒకటి, వెనుక ఒకటి నాలుగున్నర అడుగుల గోడలు చాలు. మీ అమ్మా నాన్నల గదిని ముందు మట్టంలోనే ఉంచితే వారికి మెట్ల బాధ ఉండదు. మూడవ కాంట్రాక్టరు చెప్పిన దారి కూడా మంచిదే, కాని అందులో ఒక మెలిక ఉంది. ముందు పిల్లర్లు పొట్టిగా, వెనుకవి పొడవుగా ఉంటే భూకంపం వచ్చినప్పుడు, పెనుగాలికి కూడా, ఊపు అంతా పొట్టి పిల్లర్ల మీదే పడుతుంది. సగం పొడవున్న పిల్లరు ఎనిమిది రెట్లు బిగువుగా ఉంటుంది. విశాఖలో పెద్ద భూకంపాల భయం తక్కువే అయినా, 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను గాలి చూసినవాళ్ళం. కనుక ఆ డిజైను మేస్త్రి చేతి లెక్క మీద కాక స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్క మీద జరగాలి.


సమాధానం 2
రాసినవారు: గృహిణి, సింహాచలం కొండ దిగువ

ఇంజినీరు గారు చెప్పిన వీప్ హోల్స్ లేకపోతే ఏమవుతుందో మా ఇంటి వెనుక చూశాను కనుక రాస్తున్నాను.

మేము 2018లో ఇల్లు కట్టుకున్నాము. మాది అంత పెద్ద వాలు కాదు, వెనుక ఆరు అడుగుల పల్లం. మా కాంట్రాక్టరు రాతి గోడ కట్టి మట్టి నింపి, ఆ గోడ మీదనే ఐదు అడుగుల ఇటుక ప్రహరీ లేపారు. గోడలో నీరు పోయే దారి పెట్టలేదు. పైపులు పెడితే వెనుకవాళ్ళ వైపు నీరు కారి గొడవ అవుతుందని చెబితే మాకూ నిజమేననిపించింది. రెండవ ఏడాది అక్టోబరు వానలకు గోడ అడుగున రాళ్ళ సందుల్లో ఎర్రటి తడి గీత కనిపించింది. తరువాత ప్రహరీ పునాది దగ్గర అడ్డంగా వెంట్రుక వాసి పగులు వచ్చింది. మా మామగారు పగులుకు అటూ ఇటూ పెన్సిలుతో రెండు చుక్కలు పెట్టి, మధ్య దూరం కొలిచి, పక్కన తేదీ రాశారు. నెల తిరిగేసరికి ఆ దూరం రెండు మిల్లీమీటర్లు పెరిగింది. పైనుంచి దారానికి రాయి కట్టి వేలాడదీస్తే గోడ నడుము దగ్గర అంగుళంన్నర బయటకు ఉబ్బి ఉంది.

వేరే ఇంజినీరును పిలిపించాము. ఆయన మొదట ప్రహరీ తీసేయించారు, గోడ వెనుక మట్టిని తవ్వించారు. తవ్విన మట్టి ముద్దగా, పిండితే నీరు కారేలా ఉంది. ఉబ్బిన ఇరవై అడుగుల మేర గోడ విప్పి మళ్ళీ కట్టారు, పైపులు పెట్టారు, కంకర నింపారు. కింది అంచున చిన్న కాలువ చేసి ఆ నీటిని వీధి కాలువలోకి కలిపారు, కాబట్టి వెనుకవారితో ఏ గొడవా రాలేదు. ప్రహరీ బదులు ఇప్పుడు ఇనుప జాలీ పెట్టుకున్నాము, గోడ మీద బరువూ తగ్గింది, గాలీ వస్తుంది. మొదట గోడకు పెట్టిన ఖర్చు కంటే విప్పి మళ్ళీ కట్టడానికి ఎక్కువ అయింది. తవ్విన మట్టిని పోసుకోవడానికి చోటు లేక మనుషుల చేత ముందుకు మోయించాము, జేసీబీ వెనుకకు వెళ్ళే దారి ఇల్లు కట్టగానే మూసుకుపోయింది కదా. అందుకే వెనుక గోడ పని ఇంటికంటే ముందు, యంత్రం తిరిగే వీలున్నప్పుడే, వేసవిలో పూర్తి చేసుకోండి. తుపాన్ల కాలానికి మట్టి విప్పి పెట్టుకోకండి.

బ్యాంకు అప్పు గురించి అడిగారు. మాకు అంచనా వేయడానికి వచ్చిన వాల్యుయర్ చదరపు అడుగుల లెక్కన ఇంటి విలువ కట్టారు. ఆ గోడ, మట్టి, లోతు పునాదులు విలువలో దాదాపు కనిపించలేదు. పైగా మొదటి విడత సొమ్ము బేస్‌మెంట్ అయ్యాకనే ఇచ్చారు. వాలు స్థలంలో అసలు ఖర్చంతా ఆ బేస్‌మెంట్‌కు ముందే కనుక, అది మొత్తం చేతి డబ్బుతో నడపవలసి వచ్చింది, నా గొలుసు తాకట్టు పెట్టాము. మీరు అప్పు దరఖాస్తు పెట్టేటప్పుడే ఇంజినీరు సంతకంతో గోడకు, నింపుడుకు, పునాదికి విడివిడిగా అంచనా రాయించి జత చేయండి. బ్యాంకు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, నేల పైకి వచ్చేదాకా అయ్యే మొత్తం మీ చేతిలో ఉంటే తప్ప గునపం వేయకండి.

ఇంకొకటి, మరుగు నీరు. మా వీధి కాలువ పైన ఉంది, స్నానాల గదులు వెనుక పల్లంలో ఉన్నాయి. నీరు పైకి పారదు కదా. సెప్టిక్ ట్యాంకు వెనుకనే పెట్టుకున్నాము కాని, దాని ఇంకుడు గుంట గోడకు ఎగువన తవ్వబోతుంటే ఆ రెండవ ఇంజినీరు గారే ఆపించారు. ఇంకే నీరంతా గోడ వెనుకకే చేరేది. వంటగది, స్నానాల గదులు ఎక్కడ వస్తాయో ప్లాను దశలోనే కాలువ మట్టంతో సరిచూసుకోండి. లేదంటే ఒక తొట్టి, ఒక మోటారు, దానికి కరెంటు, ప్రతి ఏటా మరమ్మతు తప్పవు.


అడిగినవారి అదనపు ప్రశ్న

ఇంత వివరంగా రాసిన ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండు మట్టాల ఆలోచన నాకు, నా భార్యకు బాగా నచ్చింది. అయితే ఇంట్లో ఒక చిక్కు వచ్చింది. నైరుతి ఎత్తుగా, ఈశాన్యం పల్లంగా ఉండాలన్నది మా నాన్నగారి పట్టు. మా స్థలం సరిగ్గా దానికి ఎదురు, తూర్పు మెరక, పడమర పల్లం. వెనుక భాగాన్ని కిందికి దింపడం కాదు, రోడ్డు కంటే అర అడుగు ఎత్తుకు లేపాలని ఆయన అంటున్నారు. ఆయన మనసు కష్టపెట్టి ఆ ఇంట్లో అడుగు పెట్టలేను. అలా చేస్తే గోడ తొమ్మిదిన్నర అడుగులు అవుతుంది. ఇటువంటి స్థితిలో ఎవరైనా కట్టారా?


సమాధానం 3
రాసినవారు: ఉపాధ్యాయుడు, విజయవాడ గుణదల

మా స్థలం కూడా పడమటికి పల్లమే, మా అమ్మగారి మాట కూడా మీ నాన్నగారి మాటే. మేము మట్టి నింపకుండానే ఆ మాట నిలబెట్టాము.

మా ఇంటికి వచ్చిన సిద్ధాంతి గారితో నేను కూర్చుని ఒక్కటే అడిగాను, ఎత్తు పల్లాలు చూసేది అడుగున ఉన్న మట్టికా, మనం నడిచే గచ్చుకా అని. ఆయన గచ్చు మట్టం, వాన నీరు పారే దిశ, నైరుతిలో బరువు, ఈ మూడూ చూస్తామని చెప్పారు. దానిని బట్టి మా ఇంజినీరు వెనుక భాగాన పిల్లర్లు లేపి, బీముల మీద స్లాబు వేసి, ఆ స్లాబునే గచ్చుగా చేశారు. ముందు గదుల గచ్చు కంటే అది మూడు అంగుళాలు ఎత్తు. మేడ మీది నీళ్ళ ట్యాంకు నైరుతి మూల, మేడ వాలు ఈశాన్యానికి. అమ్మగారు తృప్తి పడ్డారు. కింద ఎనిమిది అడుగుల ఖాళీ మిగిలింది, అందులో సంపు, పాత సామాను, నా సైకిలు ఉంటాయి. స్లాబుకు, అదనపు బీములకు అయిన మొత్తం, మాకు ముందుగా చెప్పిన రాతి గోడ అంచనా కంటే తక్కువ వచ్చింది, మట్టి ఖర్చు సంగతి అటుంచితే.

అయితే ఆ ఖాళీని నాలుగు వైపులా ఇటుకతో మూసేయకండి. మొదటి సంవత్సరం మేము మూసేశాము, తేమ పట్టి స్లాబు అడుగున తెల్లటి పూత వచ్చింది. తరువాత రెండు వైపులా జాలీ ఇటుకలు పెట్టించాక ఆరింది. నేల మీద సన్న కాంక్రీటు పరిచి వాలు ఇచ్చాము, పాములు, పందికొక్కులు చేరకుండా కింది వరుస జాలీకి ఇనుప వల కట్టించాము.

ఇంకా ఒక విషయం. మీ ఇంటికి తూర్పున, రోడ్డు అవతల కొండ ఉందని అర్థమవుతోంది. మీ స్థలం కింది సగం గురించి ఎంత ఆలోచిస్తున్నారో, పైన ఉన్న కొండ గురించి అంత ఆలోచించండి. 2024 ఆగస్టు 31న మా ఊరి మొగల్రాజపురంలో వానకు కొండచరియ విరిగి ఇళ్ళ మీద పడి మనుషులు పోయారు. ఆ వీధులు నేను రోజూ బడికి వెళ్ళే దారి. మీ లేఅవుట్ కోసం కొండను ఎక్కడైనా నిటారుగా కోసి ఉంటే, ఆ కోతకు రక్షణ ఉందో లేదో, పైనుంచి దిగే నీటికి అడ్డ కాలువ ఉందో లేదో ఒక గట్టి వాన రోజున గొడుగు వేసుకుని వెళ్ళి చూడండి. అది మీ హద్దులో లేదు, మీ డబ్బుతో సరిచేయగలిగినదీ కాదు, కాని ఇల్లు ఉండేది దాని కిందే.


సమాధానం 4
రాసినవారు: ఉద్యోగి, హైదరాబాద్

మా దగ్గర వాలు స్థలాల కష్టం వేరు, మట్టి కాదు, గుండు. రెండు అడుగుల మొరం కింద గ్రానైట్ తగిలింది. తవ్వకం ధర చెప్పినప్పుడు ‘రాయి తగిలితే వేరే’ అన్న మూడు మాటలను నేను పట్టించుకోలేదు. రాయి పగలగొట్టే బ్రేకరు యంత్రానికి గంటల లెక్క, ఎన్ని గంటలో ఎవరికీ తెలియదు. మీ ఒప్పందంలో మెత్తటి మట్టికి, గట్టి మొరానికి, రాయికి ఘనపుటడుగుకు వేర్వేరు ధరలు ముందే రాయించుకోండి, కొలత మీ ఇంజినీరు, వారి మనిషి కలిసి వేయాలని కూడా రాయించుకోండి. వచ్చిన రాయిని బయటకు పంపడానికి డబ్బు ఇవ్వకుండా మేము దానిని కొట్టించి ముందు గోడకు వాడుకున్నాము, అక్కడ కొంత కలిసివచ్చింది. రాయి మీద ఫుటింగ్ వేసేటప్పుడు వాలుగా ఉన్న బండను మెట్టుగా చదును చేయించి, కమ్మీలు దిగగొట్టి బిగించారు. ఆ పనికి ధర ఎక్కువైనా పునాది లోతు బాగా తగ్గింది.


సమాధానం 5
రాసినవారు: విశ్రాంత సివిల్ ఇంజినీరు, విశాఖపట్నం

గుణదల వారి స్లాబు దారి మీ ఇంటి పరిస్థితికి సరిపోతుందని నాకూ అనిపిస్తోంది. నాన్నగారి మాట దక్కుతుంది, 400 టన్నుల మట్టి తప్పుతుంది. పొట్టి పిల్లర్ల సంగతి మాత్రం మరవకండి. ముందు వరుస ఫుటింగులను కూడా కొంత లోతుకు దింపి, పిల్లర్ల పొడవుల మధ్య తేడా తగ్గించి, అన్నింటినీ రెండు దిశలా బీములతో కలపమని మీ డిజైనరును అడగండి.

సింహాచలం సోదరి రాసిన వెనుకవారి గొడవ గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే ఆ భయంతోనే చాలామంది నీటి దారి మూసేస్తారు. పొరుగు స్థలాల మధ్య హక్కులను చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలో 7వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి, మెరక స్థలం మీద సహజంగా పడి, కాలువ కట్టకుండా పారే నీటిని దిగువ స్థలం వారు సహజంగా పారనివ్వాలని చెబుతుంది. మరొకటి, ప్రతి స్థలానికీ దాని సహజ స్థితిలో పక్క నేల ఇచ్చే ఆసరా మీద హక్కు ఉందని చెబుతుంది. ‘సహజంగా’ అన్న మాట గట్టిగా పట్టుకోండి. మీరు మట్టి నింపి, పైపులు పెట్టి ఒక చోటికి చేర్చి వదిలే నీరు సహజమైనది కాదు, దానిని దారిలో పెట్టే బాధ్యత మీదే. అలాగే దిగువవారు రేపు తమ స్థలాన్ని మీ హద్దు దాకా కోసేస్తే మీ నేలకు ఆసరా పోతుంది, అప్పుడు అడిగే హక్కు మీకుంది. మీ గోడ పాదాన్ని హద్దుకు ఆనించి కాక కొంత లోపలికి కట్టుకుంటే అటువంటి తగవు రాకుండానే పోతుంది.

10 సెంటీమీటర్ల వాన ఒక్క రోజున పడితే మీ 200 గజాల మీద పడే నీరు 16 వేల లీటర్లు దాటుతుంది, రోడ్డు మీదుగా వచ్చేది వేరే. రోడ్డు అంచున అడ్డ కాలువ, అక్కడినుంచి పక్క హద్దు వెంట వెనుకకు దిగే పైపు, చివర నీటి ఉధృతి తగ్గించే చిన్న తొట్టి, వీటిని అంచనాలో ఇప్పుడే చేర్చండి. కారు విషయంలో కూడా ఒక చూపు చూడండి. ర్యాంపు ఎనిమిదికి ఒకటి కంటే నిటారుగా ఉంటే ఇబ్బంది, కాబట్టి పోర్టికో గచ్చును రోడ్డు కంటే రెండు అడుగులు లేపితే 16 అడుగుల ర్యాంపు కావాలి. అంత చోటు మీ ముందు ఖాళీలో లేదు.

అన్నింటికంటే ముందు, ఆ 9 అడుగులు మీరు స్వయంగా కొలవండి. పారదర్శకంగా ఉండే సన్నని ప్లాస్టిక్ పైపులో గాలి బుడగలు లేకుండా నీరు నింపి, ఒక కొసను రోడ్డు దగ్గర, మరొక కొసను వాలు వెంట పది అడుగుల దూరంలో నిలబెడితే రెండు వైపులా నీరు ఒకే మట్టాన ఆగుతుంది. ఆ మట్టానికి నేల ఎంత కింద ఉందో రెండు చోట్లా కొలిచి తేడా రాసుకోండి, మళ్ళీ అక్కడినుంచి పది అడుగులు. మీ వద్ద లెక్క ఉన్నాక టోటల్ స్టేషన్ అనే కొలత యంత్రంతో సర్వే చేయించి రెండింటినీ సరిచూసుకోవచ్చు.


అడిగినవారి మాట

ఆదివారం ఉదయం నేను, మా నాన్నగారు కలిసి పైపుతో కొలిచాము. ఉత్తరపు హద్దు వెంట 9 అడుగుల 2 అంగుళాలు, దక్షిణపు హద్దు వెంట 10 అడుగుల 4 అంగుళాలు వచ్చింది. అంటే స్థలం పడమటికే కాక దక్షిణానికి కూడా వాలి ఉంది, మూడేళ్ళుగా మాకు ఆ సంగతి తెలియదు. నైరుతి మూల పైపు కొస పట్టుకుని నిలబడినప్పుడు, అంత ఎత్తు మట్టితో నింపడం ఎలా ఉంటుందో నాన్నగారు తానే చూసి, స్లాబు మీద గచ్చు ఎత్తుగా ఉంటే తనకు సమ్మతమేనన్నారు. మట్టి పరీక్షకు మూడు గుంటలు ఈ వారం తీయిస్తున్నాము. ముగ్గురు కాంట్రాక్టర్లకూ ఇవే కొలతలు ఇచ్చి, నేల పైకి వచ్చేదాకా అయ్యే పనులకు ఒక్కొక్క దానికి విడిగా ధర రాసి ఇమ్మని అడిగాను. మొదటివారు ఇంకా బదులు చెప్పలేదు. పెళ్ళను బకెట్‌లో వేసి పెట్టాను, ఉదయానికి సగం కరిగి, అడుగున ఎర్రటి బురద, దాని మీద పల్చటి తెల్ల పొర తేలాయి.